26 వేలకు ఒప్పుకుంటే నిజంగా మిగిలేదెంత?

ప్రశ్న: మాది హన్మకొండ, నయీంనగర్. మా ఆయనకు బెంగళూరుకు ట్రాన్స్‌ఫర్ అయింది, మే నెలాఖరుకు ఇల్లు మారాలి. డబుల్ బెడ్రూం సామానుకు ఒక ప్యాకర్స్ వాళ్లు ఫోన్‌లోనే 26 వేలు అన్నారు, ఇంకొకరు ఇంటికొచ్చి చూసి 44 వేలు చెప్పారు. బిల్లు పెడితే కంపెనీ 40 వేల దాకా ఇస్తుంది. మిగతా ఖర్చులకు 2 లక్షల ఎఫ్‌డీ తీసేద్దామనుకుంటున్నాం. పెద్ద కూలర్, ఇనుప బీరువా కూడా ఉన్నాయి. 26 వేల వాళ్లకే ఇవ్వమంటారా?

జవాబు: ముందు ఆ 26 వేల వాళ్లకు ఫోన్ చేసి ఒక్కటే అడగండి, జీఎస్టీ నంబరున్న బిల్లు ఇస్తారా అని. "తెల్ల కాగితం మీద రాసిస్తాం మేడం" అంటే కంపెనీ నుంచి రూపాయి రాదు, 26 వేలూ మీ జేబులోంచే. 44 వేల వాళ్లు ప్యాకింగ్, లోడింగ్ అన్నీ కలిపి చేస్తారు కాబట్టి సాధారణంగా 18 శాతం జీఎస్టీ వేస్తారు, అది విడిగా అయినా మొత్తం 51,920, అందులో 40 వేలు వెనక్కి వస్తే మీకు పడేది 11,920. ట్రాన్స్‌ఫర్ మీద సామాను తరలించడానికి కంపెనీ ఇచ్చే డబ్బుకు, ఖర్చు చేసిన మేరకు, పన్ను కూడా ఉండదు. కాబట్టి బిల్లు జాగ్రత్త.

ఇల్లు చూడకుండా రేటు చెప్పేవాళ్లంటే నాకు మొదటి నుంచీ నమ్మకం లేదు. సజ్జ మీద ఉన్న ఇత్తడి గిన్నెలు, ఊరి నుంచి వచ్చిన బియ్యం బస్తాలు ఫోన్‌లో ఎవరికీ గుర్తురావు. తీరా బెంగళూరులో లారీ ఆగాక "సామాను ఎక్కువైంది, ఇంకో పది వేలిస్తేనే దించుతాం" అంటే అక్కడ మీరేం చేస్తారు? అందుకే ప్రతి వస్తువూ పేరుతో రాయించి, రెండు ఇళ్లూ ఎన్నో అంతస్తు, లిఫ్టు ఉందా లేదా కూడా రాయించి సంతకం తీసుకోండి. బుకింగ్‌కు రెండు మూడు వేలు చాలు, కొంత లోడయ్యాక, మిగతాది సామాను దించి చూసుకున్నాకే.

ఇన్సూరెన్స్ సంగతి. సామాను విలువలో 3 శాతం అంటారు, నాలుగు లక్షల సామానుకు 12 వేలు. నేను కరీంనగర్ నుంచి మారినప్పుడు అలాగే కట్టాను, టీవీ పగిలి వచ్చింది, పాలసీ నంబరు అడిగితే అసలు పాలసీయే తీసుకోలేదని తేలింది! బీమా కంపెనీ పేరుతో సర్టిఫికెట్ చూపిస్తేనే కట్టండి. ప్యాకింగ్‌కు ముందు ఫోటోలు తీసి పెట్టుకోండి. ఏదైనా పగిలితే బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, 2007 నాటి క్యారేజ్ బై రోడ్ యాక్ట్‌లో ఉన్న నియమం అది. బంగారం, సర్టిఫికెట్లు మాత్రం లారీ ఎక్కించొద్దు. గ్యాస్ సిలిండర్ కూడా ఇక్కడే అప్పగిస్తే కట్టిన డిపాజిట్ తిరిగి వస్తుంది.

మీరు అడగలేదు గానీ అసలు బరువు లారీది కాదు, ఇంటి అడ్వాన్స్‌ది. బెంగళూరులో ఐదారు నెలల అద్దె అడ్వాన్స్‌గా అడగడం మామూలే, పది నెలలు అడిగేవాళ్లూ ఉన్నారు, బేరమాడండి. దానికోసమైనా ఎఫ్‌డీ విరగ్గొట్టొద్దు, దాని మీదే లోన్ తీసుకోండి, ఎఫ్‌డీ వడ్డీ కన్నా ఒకటి రెండు శాతం ఎక్కువ పడుతుంది, అంతే. 60 వేలు రెండు నెలలు వాడుకుంటే, 9 శాతం అనుకున్నా 900 రూపాయలు. కంపెనీ డబ్బు రాగానే కట్టేయండి.

బీరువా తీసుకెళ్లండి. కూలర్ మాత్రం బెంగళూరులో ఎందుకు చెప్పండి? ఇక్కడ ఎండలు మండుతున్నప్పుడే అమ్మేయండి, మొదటి వాన పడ్డాక సగం ధరకు కూడా ఎవరూ అడగరు.