ఎయిడ్ నుంచి నర్సు: ఫీజుతో పాటు పోయే గంటల జీతమూ లెక్కేయండి

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. అమెరికాలో గ్రీన్ కార్డు మీద ఉన్నాం, ఇద్దరు పిల్లలు. నాలుగేళ్లుగా ఒక నర్సింగ్ హోమ్‌లో రాత్రి షిఫ్టు సీఎన్ఏగా (నర్సులకు సాయపడే నర్సింగ్ అసిస్టెంట్‌గా) చేస్తున్నాను, గంటకు 19 డాలర్లు. ఇండియాలో డిగ్రీ రెండో ఏడాదిలో ఆపేశాను. ఇప్పుడు ఎల్పీఎన్ (ఆర్ఎన్ కంటే ఒక మెట్టు కింది లైసెన్సు నర్సు) చేయాలని ఉంది. మా దగ్గర ఎల్పీఎన్‌లకు గంటకు 29 ఇస్తున్నారు. ఒక ప్రైవేటు స్కూల్లో వచ్చే నెలే సీటు ఉంది. ఏడాది కోర్సుకు 28 వేలు, 12 శాతం వడ్డీకి ఐదేళ్ల లోన్ వాళ్లే ఇప్పిస్తారట. కమ్యూనిటీ కాలేజీలో (స్థానిక ప్రభుత్వ కాలేజీ) మొత్తం 9 వేలే, కానీ ఏడాది ఆగాలి. రెండింట్లో ఎక్కడ చేరినా మా నర్సింగ్ హోమ్ ఏడాదికి 3 వేలు ఇస్తుంది. చేతిలో 6 వేలు ఉన్నాయి, క్రెడిట్ కార్డు బాకీ 3,800. రిటైర్మెంట్ కోసం దాచే 401(కె)లో ఉన్న 7 వేలు తీసేయనా? ఇన్సూరెన్స్ అందరికీ నా ఉద్యోగం మీదే. అమ్మావాళ్లకు నెలనెలా పంపే 300 మాత్రం ఆపలేను. నొప్పి మాత్ర కోసం చెయ్యి పట్టుకుని అడిగే పెద్దావిడకు రోజూ "నర్సును పిలుస్తాను, ఆగండి" అని చెప్పడం నావల్ల కావట్లేదు.

జవాబు: మీ ఉత్తరంలో ఆఖరి వాక్యం రెండుసార్లు చదివాను. నాలుగేళ్ల తర్వాత కూడా ఆవిడ చెయ్యి మీకు బరువుగా అనిపిస్తోందంటే ఈ చదువు మీకు కావాల్సిందే. లెక్కలూ అదే చెబుతున్నాయి. కార్మిక శాఖ 2024 గణాంకాల ప్రకారం నర్సింగ్ అసిస్టెంట్ల మధ్యస్థ జీతం ఏడాదికి 39 వేల పైచిలుకు, ఎల్పీఎన్‌లది 62 వేల పైచిలుకు. కాబట్టి చదవాలా వద్దా అన్న ప్రశ్న లేదు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరి డబ్బుతో అన్నదే చూద్దాం.

అందరూ ముందు ఫీజు చూస్తారు. మీరు ముందు చూడాల్సింది మీ పే స్టబ్, అంటే జీతం చీటీ. క్లాసులు, క్లినికల్స్ (రోగుల దగ్గర చేసే శిక్షణ) మొదలయ్యాక వారానికి 40 గంటలు చేయలేరు. 24కి దిగుతారనుకుందాం. పోయిన 16 గంటలకు వారానికి 304 డాలర్లు, 50 వారాలకు 15,200. కాలేజీ ఫీజు కంటే ఇదే పెద్ద ఖర్చు, కానీ ఏ స్కూలూ దీన్ని కాగితం మీద చూపించదు.

గంటలు తగ్గితే ఇంకొకటీ పోవచ్చు. ఆరోగ్య బీమా చట్టం వారానికి సగటున 30 గంటలు చేసేవాళ్లనే ఫుల్ టైమ్ అంటుంది. 24కి దిగితే మీ ఇన్సూరెన్స్ ఆగిపోయే అవకాశం ఉంది. అప్పుడు మీవారి ఉద్యోగంలో బీమా ఉంటే అందులో చేరవచ్చు. మీ కవరేజీ పోయిన 30 రోజుల్లోపు అడగాలి, ఆ గడువు దాటనివ్వకండి. అక్కడ లేకపోతే సొంతంగా బీమా కొనుక్కునే ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్‌లో 60 రోజుల వ్యవధి ఉంటుంది. ప్రీమియం ఎంతో ఇప్పుడే కనుక్కుని ఆ 15,200 పక్కన రాయండి. పిల్లలున్న ఇంట్లో ఒక్క నెల కూడా బీమా లేకుండా ఉండొద్దు.

ఇక ఆ ప్రైవేటు సీటు. 28 వేలు, 12 శాతం, ఐదేళ్లు అంటే నెలకు 623 డాలర్లు. మొత్తం కట్టేది 37,400 దాకా. ఎల్పీఎన్ అయ్యాక మీ జీతం ఏడాదికి 20,800 పెరుగుతుంది, పన్నులు పోగా నెలకు సుమారు 1,300 చేతికొస్తాయి. అందులో దాదాపు సగం ఐదేళ్లపాటు ఆ లోన్‌కే పోతుంది.

ఏడాది ఆగితే నష్టం లేదా? ఉంది. ఏడాది ఆలస్యమంటే పెరిగిన జీతం ఏడాదిపాటు రానట్టే, చేతికొచ్చే లెక్కన 16 వేల దాకా. కానీ రెండు చోట్లా ఖర్చులో తేడా 28 వేలు దాటుతోంది. ఆగినా 12 వేలు మిగులుతాయి.

డబ్బు ఒక్కటే కాదు. నా దగ్గరకు వచ్చిన ఒకామె ఇలాంటి స్కూల్లోనే ఎల్పీఎన్ చేసింది. తర్వాత ఆర్ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) కావడానికి ఎల్పీఎన్‌ల కోసం ఉండే బ్రిడ్జ్ కోర్సుకు వెళితే, కాలేజీ ఆమె క్రెడిట్స్ (అప్పటికే పాసైన సబ్జెక్టుల లెక్క) తీసుకోలేదు. అనాటమీ మళ్లీ మొదటి నుంచి చదివింది, పాత లోన్ కడుతూనే. ఆమె తెచ్చిన స్టేట్‌మెంట్ల కట్ట నాకు ఇంకా కళ్ల ముందే ఉంది. అందుకే ఏ స్కూల్‌నైనా మూడు సంగతులు అడగండి: స్టేట్ బోర్డ్ ఆఫ్ నర్సింగ్ ఆమోదం ఉందా, మొదటిసారే ఎన్‌క్లెక్స్ (నర్సు లైసెన్సు పరీక్ష) పాసైనవాళ్లు ఎంత శాతం, మీ క్రెడిట్స్‌ను ఏ కాలేజీ తీసుకుంటుంది. మూడోదానికి జవాబు ఆ కాలేజీ నుంచే రాతపూర్వకంగా తెచ్చుకోండి.

ఆగే ఏడాదిని ఖాళీగా పోనివ్వకండి. ముందు క్రెడిట్ కార్డు బాకీ మొత్తం కట్టేయండి. చేతిలో 2,200 మిగిలితే భయం వేస్తుంది, తెలుసు. కానీ 20 శాతం దాటిన వడ్డీ ఉన్న బాకీతో జీతం తగ్గే ఏడాదిలోకి అడుగుపెట్టడం ఇంకా ప్రమాదం. కార్డుకు నెలకు 200 కడుతున్నారనుకుంటే అవి ఇకపై సేవింగ్స్‌లోకి వెళ్లాలి. రెండు వారాలకు ఒక ఓవర్‌టైమ్ షిఫ్టు చేస్తే గంటకు 28.50 వస్తుంది, పన్నులు పోగా ఏడాదికి 4,700 దాకా. అన్నీ కలిపితే క్లాసులు మొదలయ్యేనాటికి చేతిలో 9 వేలు దాటతాయి. అమ్మావాళ్లకు పంపే 300 ముట్టుకోకుండానే ఈ లెక్క వేశాను. కాలేజీ అడిగే ముందస్తు సబ్జెక్టులుంటే అవీ ఈ ఏడాదిలోనే ఒక్కొక్కటిగా పూర్తి చేయండి.

మీ యజమాని ఇచ్చే 3 వేలు క్యాలెండర్ ఏడాదికి లెక్కా అని హెచ్ఆర్‌ను అడగండి. అలా అయితే ఆగస్టులో మొదలై తర్వాతి ఏడాదిలో ముగిసే కోర్సుకు రెండుసార్లు, అంటే 6 వేలు వస్తాయి. ఇలాంటి సాయంపై ఏడాదికి 5,250 వరకు ఫెడరల్ ఆదాయపన్ను లేదు. మిగిలిన 3 వేలు రెండేళ్లలో చెరి 1,500గా మీ జేబు నుంచి కడితే, చదువు ఖర్చుకు ఇచ్చే పన్ను రాయితీ అయిన అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ కింద ఆ డబ్బు చాలావరకు పన్ను రిటర్న్‌లో తిరిగి వస్తుంది. ఆ క్రెడిట్ మొదటి 2 వేల ఖర్చుకు నూటికి నూరు శాతం. యజమాని కట్టిన భాగానికి మాత్రం వర్తించదు. సంతకం పెట్టే ముందు ఒప్పందం చదవండి: ఎన్నేళ్లు పనిచేయాలి, మధ్యలో మానేస్తే మొత్తం కట్టాలా, చేసిన నెలలు తగ్గిస్తారా, వాళ్లే తీసేస్తే ఏమిటి.

ఫాఫ్సా (ప్రభుత్వ విద్యా సాయం దరఖాస్తు) తప్పకుండా నింపండి, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు అర్హత ఉంది. దాని ద్వారా వచ్చే ఫెడరల్ సాయం పెల్ గ్రాంట్, ఇటీవలి గరిష్టం 7,395. మీ ఇద్దరి ఆదాయానికి పూర్తిగా రాకపోవచ్చు, కొంత వచ్చినా అది తిరిగి కట్టక్కర్లేని డబ్బు. ఫాఫ్సా రెండేళ్ల కిందటి ఆదాయం చూస్తుంది. గంటలు తగ్గాక ఆ సంగతి కాలేజీ ఎయిడ్ ఆఫీసుకు రాసి, మళ్లీ లెక్కేయమని అడగండి. మీరు డిగ్రీ పూర్తి చేయకపోవడం ఇక్కడ కలిసొచ్చింది. ఇండియాలో డిగ్రీ పూర్తయిన వాళ్లకు పెల్ రాదు. ఇది తెలియక ఆశపడి ఆగిపోయిన మనవాళ్లను చాలామందిని చూశాను. అన్నీ పోగా రెండు మూడు వేలు తగ్గితే ప్రభుత్వమే ఇచ్చే ఫెడరల్ డైరెక్ట్ లోన్ తీసుకోండి, ప్రైవేటు లోన్ జోలికి పోవద్దు.

401(కె) ముట్టుకోకండి. చదువు కోసం తీసినా పన్నుతో పాటు, తీసిన డబ్బుపై 10 శాతం పెనాల్టీ పడుతుంది. చదువుకు మినహాయింపు ఐఆర్ఏకి (సొంతంగా తెరిచే రిటైర్మెంట్ ఖాతా) ఉంది గానీ 401(కె)కి లేదు.

నేరుగా ఆర్ఎన్ చేయొచ్చు కదా అని ఎవరైనా అంటారు. చేయొచ్చు, కానీ రెండేళ్ల పైమాటే, జీతం తగ్గే కాలం కూడా రెట్టింపు. వృద్ధుల సంరక్షణలోనే ఉండాలనుకుంటే ముందు ఎల్పీఎన్ నయం. మందుల బండి తోసేది, రాత్రి షిఫ్టును నడిపేది చాలా చోట్ల వాళ్లే. అయితే నర్సింగ్ హోమ్‌లో రోజుకు వరుసగా ఎనిమిది గంటలు ఆర్ఎన్ ఉండాలని, నర్సింగ్ డైరెక్టర్ ఆర్ఎన్ అయి ఉండాలని ఫెడరల్ నిబంధన. ఆ తలుపు తర్వాత తెరుచుకోవాలంటే క్రెడిట్స్ చెల్లే కాలేజీలోనే ఎల్పీఎన్ చేయాలి.

ఆ ప్రైవేటు స్కూలుకు అడ్వాన్స్ కట్టకండి. ఈ వారంలో కమ్యూనిటీ కాలేజీకి ఫోన్ చేసి వెయిటింగ్ లిస్టులో పేరు రాయించుకోండి. మధ్యలో ఎవరైనా తప్పుకుంటే ముందే పిలుస్తారేమో కూడా అడగండి.