‘పరాకాష్ఠ’ను వాక్యంలో ఎలా వాడాలి?

మీరు అడిగింది ఇదీ: “నాయనమ్మ 80వ పుట్టినరోజుకు నాలుగు మాటలు రాస్తున్నాను. ‘మా నాయనమ్మ ప్రేమ పరాకాష్ఠకు చేరింది’ అని రాస్తే మా బాబాయి తప్పన్నారు. పరాకాష్ఠ అంటే శిఖరం లాంటిదే కదా?”

మీ బాబాయిగారి మాట నిజమే. నేను హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో చాలా ఏళ్లుగా తెలుగు చెబుతున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో అచ్చం ఇదే తప్పు నేనూ చేశాను.

మా హెడ్మాస్టరు గారు రిటైరవుతుంటే సన్మానపత్రం రాసే పని నాకు అప్పగించారు. “మా సార్ సహనం పరాకాష్ఠకు చేరింది” అని రాసి, నల్లకుంటలో డీటీపీ చేయించాను. ఫ్రేము కట్టించే ముందు ఒకసారి చూడమని సార్‌కే ఇచ్చాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, ఒక్కో వాక్యం కింద వేలు జరుపుతూ చదువుతున్నారు. ఆ వాక్యం దగ్గర వేలు ఆగింది. “అమ్మా, ఇది చదివినవాళ్లు నాకు ఓపిక నశించి వెళ్లిపోతున్నాననుకుంటారు” అన్నారు. గొంతులో కోపం లేదు. నాకు మాత్రం చేతులు చల్లబడిపోయాయి. ఆయనే పెన్ను తీసి, కొట్టేసి, “సార్‌కు ఓపిక ఎక్కువ అని రాయి, చాలు” అన్నారు.

ఆ రాత్రి నిఘంటువు ముందేసుకుని కూర్చున్నాను. కాష్ఠ అంటే హద్దు. దిక్కు అనే అర్థమూ ఉంది. (చితిని కాష్ఠం అంటాం, ఎంతకీ ఆరని గొడవను రావణకాష్ఠం అంటాం. ఆ కాష్ఠం కట్టె. ఈ మాట వేరు.) కఠోపనిషత్తులో “సా కాష్ఠా సా పరా గతిః” అని ఉంది. అదే చిట్టచివరి హద్దు, అదే చివరి గమ్యం అని అర్థం. పరా అంటే అన్నిటికన్నా అవతలిది. అంటే పరాకాష్ఠలో అసలు ఉన్నది ఎత్తు కన్నా అంచు. ఇక దాని తర్వాత ఏమీ లేదు. అందుకే “చేరింది” అనగానే వినేవాడికి తర్వాత ఏం తెగుతుందో, ఏం పేలుతుందో అనిపిస్తుంది. ఉత్కంఠ పరాకాష్ఠకు చేరుతుంది, పంతాలు చేరతాయి, రెండు వర్గాల మధ్య ద్వేషం చేరుతుంది. ప్రేమ, ఓపిక చేరాయంటే అవి అయిపోవచ్చాయేమోనన్న అనుమానం వస్తుంది.

మరి మంచికి వాడకూడదా అంటే, నిక్షేపంగా వాడొచ్చు. పేపర్లలో తిట్టడానికే ఎక్కువ కనిపిస్తుంది కాబట్టి అది చెడ్డమాట అనుకుంటున్నారు చాలామంది. అది నాకు బాధగా ఉంటుంది. వాక్యం కట్టే తీరు మారితే చాలు. గుణానికి ‘కి’ చేర్చాలి, ఒక పనిని దాని ముందు నిలబెట్టాలి. “తాను కొరికి చూసి, తియ్యగా ఉన్న పండ్లే రాముడికి పెట్టడం శబరి భక్తికి పరాకాష్ఠ.” “వానాకాలంలో మ్యాన్‌హోల్ మూత తీసి, గుర్తుగా ఒక కొమ్మైనా పాతకుండా వదిలేసి పోవడం నిర్లక్ష్యానికి పరాకాష్ఠ.” ఒకటి మంచి, ఒకటి చెడు, అచ్చు మాత్రం ఒకటే. రాసేశాక పరాకాష్ఠ తీసేసి ఆ చోట “ఇంతకు మించి లేదు” అని పెట్టి చదవండి. వాక్యం నిలబడితే మాట సరిగ్గా పడినట్టే.

కొండలకు, మేడలకు ఈ మాట వాడరు. ఒకసారి ఎక్స్‌కర్షన్ నుంచి వచ్చాక మా ఏడో తరగతి పిల్లాడు “మేము గోల్కొండ పరాకాష్ఠ ఎక్కాము” అని వ్యాసంలో రాశాడు. పైన బాలా హిస్సార్ దాకా మెట్లన్నీ ఎక్కి వచ్చాడు పాపం, ఆ కష్టమంతా ఆ మాటలో పెట్టాడు. మార్కులు తీసేయాలనిపించలేదు. పక్కన “కోట కొసదాకా ఎక్కాము” అని రాసిచ్చాను. మర్నాడు క్లాసులో అందరికీ మాలావత్ పూర్ణ గురించి చెప్పాను. తెలంగాణ గురుకులంలో చదువుకున్న ఆ అమ్మాయి 2014 మే 25న, 13 ఏళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఆమె ఎక్కింది శిఖరం. ఆ వయసులో అంత ఎత్తు ఎక్కడం పట్టుదలకు పరాకాష్ఠ. ఈ రెండు వాక్యాలు బోర్డు మీద పక్కపక్కన రాశాక పిల్లలకు ఇక వేరే చెప్పాల్సిన పని లేకపోయింది.

అంకెలకైతే గరిష్ఠం: “ఈరోజు గరిష్ఠ ఉష్ణోగ్రత 42 డిగ్రీలు.” గురు అనే మాటకు అన్నిటికన్నా పై మెట్టు గరిష్ఠ, కాబట్టి “అత్యంత గరిష్ఠ” అని మళ్లీ బరువెక్కించనక్కర్లేదు. గొడవలకు తారస్థాయి ఉంది. మంద్ర, మధ్య, తార అని సంగీతంలో గొంతు పైకెక్కే మూడు మెట్లలో చివరిది. అరుపులున్న చోట అతికినట్టు సరిపోతుంది. నన్నడిగితే అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో పార్కింగ్ గొడవకు “ముదిరి పాకాన పడింది” అన్న మాటే ఇంకా బాగుంటుంది.

ఇంకొకటి, రాసేటప్పుడు చివరి అక్షరం ఠ. పరాకాష్ట అని ఫ్లెక్సీల మీద, టీవీ స్క్రోలింగుల్లో రోజూ చూస్తుంటాం కాబట్టి చెయ్యి అటే పోతుంది. మా పిల్లలకు నేను చెప్పే గుర్తు ఇది: గరిష్ఠ, కనిష్ఠ, శ్రేష్ఠ, జ్యేష్ఠ, ఇలా ‘అందరికన్నా’ అనే అర్థమున్నవాటికి ఒత్తు ఠ. ఇష్టం, కష్టం, నష్టం, దుష్టుడు మామూలు ట. కాష్ఠ పుట్టుక వేరైనా, దాన్నీ ఆ మొదటి గుంపులోనే కూర్చోబెట్టుకుంటే మర్చిపోరు.

ఇక మీ వాక్యం. ప్రేమను చేర్చకండి, ఆవిడ చేసిన పని ఒకటి గుర్తు తెచ్చుకోండి. మా నాయనమ్మ గురించైతే నేను ఇలా రాస్తాను: “కరెంటు పోయిన ఎండాకాలం రాత్రుళ్లు తాను రెప్ప వాల్చకుండా, తెల్లవార్లూ మాకు విసనకర్ర విసురుతూ కూర్చోవడం నాయనమ్మ ప్రేమకు పరాకాష్ఠ.” విసనకర్ర స్థానంలో మీ నాయనమ్మ చేతిలో ఏముండేదో అది పెట్టండి.