11 గిగాపాస్కల్స్ దగ్గర పీక్స్ వెడల్పయితే అది కొత్త ఫేజేనా?

రెండు వజ్రాల మధ్య స్ఫటికాన్ని నొక్కే సెల్‌లో (డైమండ్ అన్విల్ సెల్) మీరు చేసిన ప్రయోగం గురించి చెప్పిన వివరాలు ఇవి: పీడనాన్ని స్ఫటికానికి చేరవేసే ద్రవం (మీడియం) 4:1 మిథనాల్-ఇథనాల్, 500 మైక్రాన్ల క్యూలెట్ (వజ్రం చదునైన కొన), 11 గిగాపాస్కల్స్ దగ్గర ఎక్స్-రే పీక్స్ అన్నీ ఒక్కసారిగా వెడల్పయ్యాయి. ఇంతమాత్రానికే కొత్త ఫేజ్, అంటే స్ఫటిక నిర్మాణమే మారిపోయింది అనేయకండి. ఆ మిశ్రమం సుమారు 10 గిగాపాస్కల్స్ దగ్గర గాజులా గట్టిపడుతుంది. అక్కణ్ణుంచి పీడనం అన్ని వైపులా సమానంగా ఉండదు, స్ఫటికంలో ఒక్కో చోట ఒక్కోలా పడుతుంది. పీక్స్ వెడల్పవక ఏమవుతాయి?

పీడనం కొలవడానికి స్ఫటికంతో పాటు పెట్టే రూబీ రవ్వని చూస్తే తెలిసిపోతుంది. లేజర్ పడితే అది వెదజల్లే కాంతిలోని ఆర్1, ఆర్2 గీతల మధ్య పల్లం పూడుకుపోతుంటే మీడియం చేతులెత్తేసినట్టే. ఒక్క రూబీ చాలదు, స్ఫటికం పక్కన ఒకటి, గాస్కెట్ (వజ్రాల మధ్య ఉండే లోహపు రేకు) రంధ్రం అంచున ఒకటి పెట్టండి. లేజర్ పవర్ తగ్గించండి. రూబీ 5 డిగ్రీలు వేడెక్కినా దాదాపు 0.1 గిగాపాస్కల్ ఎక్కువ చూపిస్తుంది.

అసలు నా అనుమానం మాత్రం లోడింగ్ మీదే, అంటే స్ఫటికాన్ని సెల్‌లో అమర్చిన తీరు మీదే. 250 మైక్రాన్ల స్టీలు గాస్కెట్‌ను 70 మైక్రాన్లకి నొక్కి, 200 మైక్రాన్ల రంధ్రం వేసి, అందులో 50 మైక్రాన్ల మందం స్ఫటికం పెడతారు. మొదట్లో డేటా బ్రహ్మాండంగా వస్తుంది. పీడనం పెరిగేకొద్దీ గాస్కెట్ పలచబడుతుంది, చివరికి స్ఫటికం రెండు వజ్రాలకీ ఆనుతుంది. ఇక దాన్ని నొక్కేది ద్రవం కాదు, వజ్రాలే. పోలరైజర్ల మధ్య చూస్తే సన్నటి బీటలు కనిపిస్తాయి. స్ఫటికం మందం 25-30 మైక్రాన్లు మించనివ్వకండి. గాస్కెట్ రంధ్రం కుంచించుకుపోతుంటే భయం లేదు. పెద్దదవుతున్నా, క్యూలెట్ అంచు వైపు జరుగుతున్నా మరలు బిగించడం అక్కడే ఆపేయండి, లేదంటే వజ్రం పోతుంది.

పేపర్లలో "హైడ్రోస్టాటిక్ పరిస్థితుల్లో" (అన్ని వైపులా సమాన పీడనంలో) అని రాసి మీడియం పేరు చెప్పకపోవడం నాకు అస్సలు నచ్చదు. ఆ డేటాతో మనది ఎలా పోల్చుకోవాలి? అలాగే సెల్ కిటికీ ఇరుకు వల్ల సగం రిఫ్లెక్షన్లు (ఎక్స్-రే చుక్కలు) కూడా అందని డేటా సెట్ మీద ప్రతి పరమాణువుకీ అనైసోట్రోపిక్ రిఫైన్‌మెంట్ (ఒక్కో దిశలో కంపనాన్ని వేరువేరుగా లెక్కగట్టడం) చేయడం కూడా నచ్చదు. వజ్రాల మచ్చలు, గాస్కెట్ వలయాలు మాస్క్ చేశాక మిగిలేది ఇంకా తక్కువ.

కొత్త స్ఫటికంతో, నియాన్‌లో మళ్లీ చేయండి. నియాన్ 5 గిగాపాస్కల్స్ లోపే గడ్డకట్టినా మెత్తగానే ఉంటుంది. అందులోనూ 11 దగ్గరే మార్పు వచ్చి, కొత్త పీక్స్ పుట్టుకొస్తే అప్పుడు ఫేజ్ గురించి మాట్లాడదాం. హీలియం వాడాలనుకుంటే ముందు మీ స్ఫటికంలో ఖాళీ గదులున్నాయేమో చూసుకోండి, జియోలైట్ లాంటి వాటిలోకి అది నేరుగా చొరబడుతుంది.