అంబాసిడర్ ఏసీ పైపులు మార్చబోతున్న మేనకోడలికి

రాయగడ

అమ్మడూ,

పర్లాకిమిడి నుంచి మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసింది. తాతగారి అంబాసిడర్ బానెట్ ఊడదీసి గోడకి ఆనించేశావట. ఏసీ పైపులన్నీ విప్పి కొత్త దారిన వేస్తానంటున్నావట. "నువ్వైనా చెప్పరా అన్నయ్యా" అంది. నాకు ముందు ఛాతీ పొంగింది, ఆ వెంటనే దడ పట్టుకుంది. గ్యాస్ తీయించావా లేదా అని అడిగితే దానికి తెలీదు.

కాబట్టి ముందు అదే. గ్యాస్ లోపల ఉండగా ఒక్క నట్టు కూడా వదులు చెయ్యకు. గ్యాస్‌ని సిలిండర్‌లోకి లాగే రికవరీ మిషన్ ఉన్న షాపులో లాగించు, గాలికి వదలకు. ఏసీలో ఉండే ఆర్-134ఏ గ్యాస్ మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరిగిపోయే సరుకు. చుక్క కంట్లో పడితే గుడ్డు గడ్డకడుతుంది. నీ చదువు కళ్లజోడు పనికిరాదు, పక్కలు కూడా మూసి ఉండేది కొనుక్కో. కొనేదాకా పానా పట్టకు. గ్యాస్ ఉన్నచోట వెల్డింగ్ మంట కూడా వద్దు, అది కాలితే విషవాయువు పుడుతుంది.

ఇక దారి. పాత 1489 సీసీ ఇంజన్‌కి కార్బురేటర్, సైలెన్సర్ మానిఫోల్డ్ రెండూ ఒకే పక్కన ఉంటాయి. దగ్గరి దారి కదా అని మొదట్లో బిగించినవాళ్లు పైపులు అటే లాగారు. కూలింగ్ కాయిల్ నుంచి, గ్యాస్‌ని నొక్కే కంప్రెసర్‌కి తిరిగొచ్చే లావు పైపు చల్లగా రావాలి, అక్కడే సెగ తాగేస్తుంది. కాయిల్‌కి వెళ్లే సన్న పైపు కాగితే లోపలి ద్రవం దారిలోనే సగం ఆవిరై, డాష్‌బోర్డు కింద బుస్సుమని చప్పుడొస్తుంది. నువ్వు రెండో పక్కన, లోపలి మడ్‌గార్డ్ గోడ వెంబడి తీసుకురా. స్టీరింగ్ రెండు వైపులా చివరికంటా తిప్పి, ఏ కడ్డీకీ తగలట్లేదని చూసుకో. మానిఫోల్డ్‌కి నాలుగంగుళాల లోపు ఏదీ ఉండకూడదు. తప్పనిచోట మధ్యన రేకు అడ్డం పెట్టు. పెట్రోలు పైపుకి జతచేసి మాత్రం కట్టకు తల్లీ.

పైపులు మూడు సైజులు: కంప్రెసర్ నుంచి, ముందున్న వేడి వదిలే జాలీ కండెన్సర్‌కి నంబర్ 8, అక్కడి నుంచి తేమ పీల్చే డ్రయర్ బాటిల్ మీదుగా కాయిల్‌కి నంబర్ 6, తిరుగు దారికి నంబర్ 10. లోపల నైలాన్ పొర ఉన్న బ్యారియర్ పైపే అడుగు. పాత ఏసీ గ్యాస్ ఆర్-12 కాలం నాటి రబ్బరు పైపులోంచి 134ఏ మెల్లగా ఊరిపోతుంది.

ఇప్పుడు అసలు మాట. ఇదే బండికి నా చేతిమీదుగా జరిగిన తప్పు. కంప్రెసర్ ఇంజన్‌కి ఉంటుంది, కండెన్సర్ బాడీకి ఉంటుంది. ఇంజన్ ఆపి ఉండగా ఆ రెంటి మధ్య దూరం టేపుతో కొలిచి, సరిగ్గా అంతే పైపు కోయించాను. చూడ్డానికి ముచ్చటగా ఉంది, ఒక్క వంపు లేదు. కానీ రబ్బరు మౌంటింగుల మీద కూర్చున్న ఇంజన్ నిలకడగా ఉండదు. తప్తపాణి ఘాటీలో ఫస్ట్ గేరు వేసి ఎక్కిస్తే పక్కకి ఒరుగుతుంది, కాలు తీస్తే వెనక్కొస్తుంది. ఒరిగినప్పుడల్లా పైపు క్రింపింగ్ కాలర్ దగ్గర, అంటే ఫిట్టింగుని పైపుకి నొక్కి పట్టే లోహపు పట్టీ దగ్గర లాగింది. పైపు పగల్లేదు, కాలర్ అంచున తడి మరక లేచి, దానిమీద దుమ్ము నల్లగా అట్టకట్టింది. అది ఏసీ ఆయిల్. నేను ఇంజన్ ఆయిల్ అనుకుని గుడ్డతో తుడిచేశాను. చల్లదనం తగ్గినప్పుడల్లా గ్యాస్ కొట్టించాను. గ్యాస్‌తో పాటు ఆయిలూ పోతోంది, మిగిలిన ఆయిల్‌ని తిప్పి తెచ్చేంత గ్యాసూ లేదు. చివరికి కంప్రెసర్ ఎండి పట్టేసింది. అరిగిన అల్యూమినియం పొడి కండెన్సర్ గొట్టాల్లోకి చేరింది, కడిగినా పోలేదు. కంప్రెసర్, కండెన్సర్, డ్రయర్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్, అన్నీ కొత్తవి వెయ్యాల్సొచ్చింది. మీ తాతగారు పల్లెత్తు మాట అనలేదు. పాత కంప్రెసర్ చేత్తో తిప్పబోయి, తిరక్కపోతే నావైపు ఓసారి చూశారు, అంతే.

నువ్వు అలా చెయ్యకు. చక్రాలకి రాళ్లు పెట్టి, ఎవరినైనా లోపల కూర్చోబెట్టి, బ్రేకు తొక్కి ఉంచి, ఫస్ట్ గేర్లో క్లచ్ కొంచెం వదలమను. తర్వాత రివర్స్‌లోనూ. నువ్వు బండి ముందు నిలబడకు, పక్కన నిలబడు. ఇంజన్ ఎంత ఊగుతోందో చూసి, కంప్రెసర్‌కి వచ్చే రెండు పైపులకీ రెండు మూడంగుళాలు ఎక్కువ ఉంచి మెత్తటి వంపు ఇవ్వు. ఆ వంపు ఫ్యాన్‌కీ బెల్టుకీ అందకూడదు. మొదటి క్లాంపు బాడీకే వెయ్యి, అక్కణ్ణుంచి అడుగున్నరకి ఒకటి. ప్లాస్టిక్ టైలు సెగకి పెళుసెక్కి విరుగుతాయి, రబ్బరు తొడుగున్న ఇనుప క్లాంపులు వాడు. డాష్‌బోర్డు వెనక రేకులోంచి దూరేచోట రబ్బరు గ్రోమెట్ తప్పనిసరి.

ఫిట్టింగులు చేత్తో బిగించి, పైపు ఎటు తిరిగి ఉండాలో పైపు, ఫిట్టింగు రెంటి మీదుగా తెల్ల పెయింటుతో గీత గీసి, అప్పుడే విప్పి క్రింపింగ్‌కి పట్టుకెళ్లు. గీత లేకపోతే పైపు మెలిపడి వస్తుంది. స్క్రూ క్లిప్పులతో సరిపెడతానంటే ఆ షాపులోంచి వచ్చేయ్.

ఓ-రింగులన్నీ కొత్తవి, ఆయిల్లో తడిపి. బిగించడానికి రెండు పానాలు, ఒకటి పట్టుకోవడానికి. డ్రయర్ కొత్తది, నిటారుగా, దాని మూతలు ఆఖరున తియ్యి. దానికోసం 30 మి.లీ. ఆయిల్ చాలు.

పొడి నైట్రోజన్ 150 పీఎస్ఐ ఎక్కించి సబ్బు నురగతో ప్రతి జాయింటూ చూడు. ఆక్సిజన్ సిలిండర్ ఉంది కదా అని ఎవడైనా అంటే దండం పెట్టి పంపించేయ్, ఆయిల్‌తో కలిస్తే పేలుతుంది. తర్వాత 45 నిమిషాలు వాక్యూమ్ పంపుతో లోపలి గాలి లాగించు, పంపు ఆపాక అరగంట గేజి ముల్లు కదలకూడదు.

గ్యాస్ తూకం వేసి ఎక్కించు. డ్రయర్ అద్దంలో బుడగలు చూసి నింపడం ఆర్-12 నాటి అలవాటు, 134ఏకి ఆ లెక్క నమ్మలేం. 35 డిగ్రీల ఎండలో సన్న పక్క 200 నుంచి 240, లావు పక్క 30 నుంచి 40 పీఎస్ఐ ఉంటే బాగున్నట్టే. ఇంజన్ నడుస్తుండగా గేజి ఎర్ర కుళాయి తిప్పకు, ఆ ఒత్తిడంతా గ్యాస్ డబ్బాలోకే వస్తుంది.

గీతలు గీశాక, క్రింపింగ్‌కి వెళ్లేముందు ఫొటోలు తీసి పంపు. కంప్రెసర్ దగ్గరి వంపు పక్కనుంచి తియ్యి, పైనుంచి తీస్తే నాకు తెలీదు. కళ్లద్దాలు కొన్నావో లేదో మీ అమ్మని అడుగుతాను.

మీ మావయ్య