జీబ్రా చేప గుడ్లు తెల్లబడి బూజు పడుతున్నాయి... ఏ మందు వేయాలి?

ప్రశ్న: సిమెంటు తొట్లలో గప్పీ, మోలీ, జీబ్రా చేపలు పెంచి అమ్ముతున్నాను. తిరుపతిలో ఒక పరిశోధన ల్యాబ్ వాళ్లు ఒకే వయసున్న జీబ్రా గుడ్లు కావాలంటున్నారు. సాయంత్రం ఆడ, మగ చేపల్ని అద్దాల తొట్టిలో వదిలితే పొద్దునకు ఇరవై ముప్పై గుడ్లే దొరుకుతున్నాయి. వాటిని బోరు నీళ్ల గిన్నెలో గాలి గొట్టం పెట్టి ఉంచితే సగం తెల్లబడి, రెండో రోజుకు బూజు కట్టి గిన్నె మొత్తం పాడవుతోంది. ఏ మందు వాడాలి?
– ఓ రైతు, రేణిగుంట

జవాబు: మీ గుడ్లకు వచ్చింది రోగం కాదు. మొదటి రోజే తెల్లబడేవి చాలావరకు ఫలదీకరణ జరగని గుడ్లు. బూజు ముందు ఆ చచ్చిన గుడ్డు మీద పుట్టి, తర్వాత పక్కనున్న మంచి గుడ్లను చుట్టేస్తుంది. కాబట్టి మందు కంటే ముందు ఏరివేత ముఖ్యం. గుడ్లు పట్టిన 4–6 గంటల్లో ఒకసారి, 24 గంటలకు మరోసారి తెల్లవాటిని డ్రాపర్‌తో తీసేయండి. ఈ పని వదిలేస్తే ఎంత మందు పోసినా దండగే.

ఇక గుడ్లు తక్కువ రావడం. బాగా మేపిన ఆడ చేప ఒక పూటకు 100–200 గుడ్లు పెడుతుంది. మీకు దొరకనివన్నీ ఆ చేపలే తినేశాయి. గుడ్డు మిల్లీమీటరు కంటే కాస్త పెద్దది, కిందికి మునుగుతుంది. అందుకే తొట్టిలో 2–3 మి.మీ. రంధ్రాలున్న ప్లాస్టిక్ బుట్టను, అడుగుకు తగలకుండా, దింపి అందులో చేపల్ని వదలండి. బుట్ట లేకపోతే అడుగున గోళీలు ఒక వరుస పరిచినా సరిపోతుంది. మూడు ఆడ చేపలకు రెండు మగ చేపలు చాలు. పొట్ట గుండ్రంగా, వెండి రంగులో ఉంటే ఆడది. సన్నగా, పొట్ట దగ్గర పసుపు ఛాయ ఉంటే మగది. ఒకసారి గుడ్లు పెట్టిన ఆడ చేపకు కనీసం వారం విశ్రాంతి ఇవ్వాలి.

ఒకే వయసు గుడ్లు కావాలంటే వెలుతురు మీ చేతిలో ఉండాలి. లైటుకు టైమర్ పెట్టి 14 గంటలు వెలుగు, 10 గంటలు చీకటి ఇవ్వండి. చీకటి పోయి లైటు వెలిగాకే ఇవి గుడ్లు పెడతాయి. సాయంత్రం ఆడ, మగ చేపల మధ్య అద్దం పలక అడ్డం పెట్టి, పొద్దున లైటు వెలగగానే తీసేసి, గంట తర్వాత గుడ్లు పట్టండి. వీధి దీపం వెలుతురు గదిలో పడినా, రాత్రి ఎవరైనా లైటు వేసినా ఈ లెక్క తప్పుతుంది.

తొట్టి అడుగునున్న నీళ్లను టీ వడపోతలో పోసి, నిలిచిన గుడ్లను శుభ్రమైన నీటితో కడిగి, చేపల మలం, మేత ముక్కలు ఏరేయండి. 9 సెం.మీ. పెట్రీ డిష్‌లో (ల్యాబ్‌లలో వాడే గుండ్రటి పలుచని గిన్నె) 30 మి.లీ. నీరు, 50–60 గుడ్లు, అంతకు మించొద్దు. నీరు అర సెంటీమీటరు లోతే కాబట్టి గాలి గొట్టం అక్కర్లేదు.

గుడ్లకు బోరు నీళ్లు వద్దు. మున్సిపల్ నీళ్లైతే క్లోరిన్ చంపేస్తుంది. ల్యాబ్‌లు వాడేది ఇ3 ద్రావణం: 2 లీటర్ల ఆర్వో నీటిలో సోడియం క్లోరైడ్ 34.8 గ్రా., పొటాషియం క్లోరైడ్ 1.6 గ్రా., కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ 5.8 గ్రా., మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ 9.78 గ్రా. కలిపి, అందులోంచి 16.5 మి.లీ. తీసి లీటరు ఆర్వో నీటికి చేర్చాలి. వంటింటి అయోడిన్ ఉప్పు పనికిరాదు. మీరడిగిన మందు మిథిలీన్ బ్లూ: 1 శాతం ద్రావణం లీటరుకు 0.1 మి.లీ., నీరు లేత నీలంగా కనిపించేంత. అయితే ఫ్లోరోసెన్స్ మైక్రోస్కోపు (మెరిసే రంగుల్ని చూపేది) కింద చూసే ప్రయోగాలకు ఇది అడ్డు, ల్యాబ్ వాళ్లను అడిగాకే వేయండి.

ఉష్ణోగ్రత 28.5 డిగ్రీలు. ఈ వేడిలో 24 గంటల్లో జరిగే ఎదుగుదలకు 25 డిగ్రీల దగ్గర దాదాపు 30 గంటలు పడుతుంది, 33 డిగ్రీల దగ్గర 19 గంటల్లోనే అయిపోతుంది. 33 దాటితే పిండాలు వంకర్లు పోతాయి. తిరుపతి ఎండల్లో ఏప్రిల్, మే నెలలు ఏసీ గది లేకుండా ఈ పని పెట్టుకోవద్దు. వేడిని బట్టి ఎదుగుదల మారుతుంది కాబట్టి డిష్ మీద గుడ్లు పట్టిన సమయంతో పాటు ఉష్ణోగ్రత కూడా రాయండి.

48–72 గంటల్లో పిల్లలు బయటికొస్తాయి. ఐదో రోజు వరకు వాటి పొట్టలోని సొన చాలు, ఆ తర్వాత పారమీషియం (కంటికి కనిపించనంత చిన్న నీటి జీవి), ఇంకాస్త ఎదిగాక ఆర్టీమియా (ఉప్పునీటి చిన్న రొయ్య జాతి జీవి) మేతగా వేయండి.

బేరం కుదుర్చుకునే ముందు ల్యాబ్ వాళ్లకు ఏ దశ కావాలో అడగండి. 24 గంటల పిండాలైతే ప్రయాణం తట్టుకుంటాయి. గుడ్డులోకి సూదితో ఎక్కించే ప్రయోగాలకైతే ఒకే కణం ఉన్న గుడ్డు కావాలి. ముప్పావు గంటలో అది రెండు కణాలవుతుంది, రేణిగుంట నుంచి తీసుకెళ్లేలోపే సమయం దాటిపోతుంది. అలాంటి వాళ్లకు గుడ్లు కాకుండా 6 నెలల నుంచి ఏడాదిన్నర వయసున్న ఆరోగ్యమైన జతల్ని అమ్మండి.