ఆడవాళ్లకు ఎలాంటి సైకిల్ సీటు హాయిగా ఉంటుంది?

ఎంత మెత్తటి సీటు వేయించినా అరగంటకే నొప్పి ఎందుకు వస్తుందని అడిగారు. చాలావరకు తప్పు ఆ మెత్తదనానిదే. కూర్చున్నప్పుడు బరువు మోయాల్సినవి పిరుదుల అడుగున ఉండే రెండు ఎముకలు. మరీ మెత్తటి సీటులో అవి దిగబడిపోతాయి. మధ్యభాగం పైకి ఉబికి, ఒత్తిడంతా సున్నితమైన చోట పడుతుంది.

అందుకే ముందు చూడాల్సింది వెడల్పు. ఆ ఎముకల మధ్య దూరం సగటున ఆడవాళ్లలో కాస్త ఎక్కువే. అయినా మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది కనుక, ‘ఆడవాళ్ల సీటు’ అని రాసి ఉందని కొనేయకండి. గట్టి మెట్టు మీద అట్టపెట్టె ముక్క పరిచి, కొద్దిగా ముందుకు వంగి ఒక నిమిషం కూర్చోండి. లేచి చూస్తే రెండు గుంటలు కనిపిస్తాయి. వాటి మధ్యబిందువుల దూరానికి సుమారు 20–30 మిల్లీమీటర్లు కలిపితే మీకు కావాల్సిన వెడల్పు తెలిసినట్టే. నిటారుగా కూర్చుని తొక్కేవారికి ఇంకొంచెం ఎక్కువ కావాలి. బాగా వంగి తొక్కేవారికి మధ్యలో ఖాళీ వదిలిన సీటు నయం.

డబ్బు పెట్టే ముందు పాత సీటునే ఒకసారి సరిచూడండి. సీటు ముక్కు, అంటే ముందు కొన, పైకి లేచి ఉంటే ఒకటి రెండు డిగ్రీలు కిందికి దించండి. ఎత్తు ఎక్కువైతే తొక్కేటప్పుడు నడుము అటూ ఇటూ ఊగి చర్మం ఒరుసుకుంటుంది.

కొత్తలో ఎముకల దగ్గర నొప్పి మామూలే, కొద్ది రోజుల్లో తగ్గుతుంది. తిమ్మిరి వస్తుంటే మాత్రం సర్దుకుపోకండి, సీటు మార్చేయండి.