ఎక్సోసోమ్‌ల మీద పరిశోధన చేస్తానంటోంది మా అమ్మాయి, పంపమంటారా?

ప్రశ్న: మాది హిందూపురం. చాలా ఏళ్లుగా బెంగళూరు కేఆర్ పురంలో ఉంటున్నాం. అమ్మాయి ఇక్కడే బీఫార్మసీ మూడో ఏడాది. ఈమధ్య ఒక క్యాన్సర్ పరిశోధకురాలు వాళ్ల కాలేజీకి వచ్చి, కణాలు వదిలే ఎక్సోసోమ్‌లలో మందు నింపి గడ్డకు చేర్చడం గురించి మాట్లాడారట. అప్పటినుంచి పీహెచ్‌డీ తప్ప ఇంకేం వద్దంటోంది. సీనియర్లేమో ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాలను గమనించే పని) ఉద్యోగాల్లో చేరిపోతున్నారు. మా వీధి చివర స్కిన్ క్లినిక్ బోర్డు మీద కూడా ‘ఎక్సోసోమ్’ అనే ఉంది. ఇదంతా నిజమైన సైన్సేనా? ముప్పై దాకా చదువుతూ కూర్చుంటే పెళ్లెప్పుడండీ? - ఒక తండ్రి

జవాబు: ముందు ఆ బోర్డు సంగతి చూద్దాం. ముఖానికీ జుట్టుకీ అంటూ అమ్మేవాటికీ, మీ అమ్మాయి విన్నదానికీ పేరు ఒకటే, అంతే. అనుమతి లేని ఎక్సోసోమ్ ఉత్పత్తుల గురించి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019 డిసెంబరులోనే జనాన్ని హెచ్చరించింది.

సైన్స్ మాత్రం నిజమైనదే. మన ఒంట్లో దాదాపు ప్రతి కణమూ పొర చుట్టిన అతి చిన్న తిత్తులను బయటికి వదులుతుంటుంది. వీటన్నిటినీ కలిపి ఎక్స్‌ట్రాసెల్యులార్ వెసికిల్స్ అంటారు. వాటిలో సుమారు 30 నుంచి 150 నానోమీటర్ల రకం ఎక్సోసోమ్‌లు. ఎర్రరక్తకణాలు ఎలా ఎదుగుతాయో చూస్తున్నవాళ్లకు 1983లో ఇవి తగిలాయి. కణం తనకు అక్కర్లేనివి పారేస్తోందని చాలాకాలం అనుకున్నారు. వీటిలో ఆర్‌ఎన్‌ఏ (జన్యు సమాచారాన్ని మోసే అణువు) ఉందనీ, అది ఇంకో కణంలోకి వెళ్లి పనిచేస్తుందనీ 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు చూపించారు. అయితే మనం పెట్టిన మందునూ మోసుకెళ్తాయి కదా అన్న ఆశ బలపడింది. 2011లో ఆక్స్‌ఫర్డ్ బృందం ఇలాగే ఎలుక మెదడుకు ఆర్‌ఎన్‌ఏ చేర్చింది. చిక్కేమిటంటే, క్యాన్సర్ కణాలు కూడా ఈ తిత్తులతోనే దూరపు అవయవాల్లో తమకు చోటు సిద్ధం చేసుకుంటాయి. అందుకే తిత్తిని ఏ కణం నుంచి తీశారన్నది చాలా ముఖ్యం.

ఉపన్యాసంలో చెప్పని సంగతి, ల్యాబ్‌లో రోజువారీ పని. కణాలు పెంచిన ద్రవాన్ని అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో భూమ్యాకర్షణకు లక్ష రెట్ల బలంతో గంటకు పైగా తిప్పుతారు. ఎదురెదురు ట్యూబుల బరువు తేడా లేకుండా సరితూగాలి. తీశాక చాలాసార్లు అడుగున కంటికేమీ కనబడదు. అందుకే ముందే ట్యూబు మీద పెన్నుతో గుర్తు పెట్టుకుని, అక్కడే ఉంటుందన్న నమ్మకంతో పైద్రవాన్ని మెల్లగా తీసేస్తారు. మిగిలింది వెసికిల్సా, ప్రొటీన్ ముద్దా అన్నది తర్వాత తేల్చాలి. కణాలకు పోషణగా వేసే పశువుల సీరంలోనూ వెసికిల్స్ ఉంటాయి. వాటిని ముందే తీసేయకపోతే ఆవు తిత్తులు లెక్కపెట్టుకుని మురిసిపోవాల్సిందే! ఆపైన మందు ఎంత లోపలికి వెళ్లింది, ఎంత బయటే అంటుకుంది అన్న లెక్క. నెలలు ఇట్టే గడిచిపోతాయి.

కాబట్టి పంపండి. కానీ ‘ఎక్సోసోమ్ తప్ప ఇంకేం వద్దు’ అననివ్వకండి. వీటిలో మందు నింపి క్యాన్సర్‌కు ఇచ్చే చికిత్స ఇంకా ప్రయోగ దశలోనే ఉంది. ఎక్కువ మొత్తంలో, ప్రతి బ్యాచ్ ఒకేలా తయారుచేయడం దగ్గరే పెద్ద అడ్డంకి. అది ఫార్ములేషన్ సమస్య, మందును వాడదగ్గ రూపంలోకి తెచ్చే పని, అంటే ఫార్మసీవాళ్ల సొంత విద్య. ఏడో సెమిస్టర్ నావెల్ డ్రగ్ డెలివరీ సిస్టమ్స్ పేపర్లో తను ఎలాగూ లైపోసోమ్‌లు, అంటే మందు నింపడానికి కొవ్వు పొరతో తయారుచేసే తిత్తుల గురించి, చదువుతుంది. లైపోసోమ్‌లో పెట్టిన క్యాన్సర్ మందు డాక్సోరుబిసిన్‌కు, అదే డాక్సిల్‌కు, అమెరికాలో 1995లోనే అనుమతి వచ్చింది. 2012లో అక్కడ అది దొరక్కపోతే మన సన్ ఫార్మా వాళ్ల అలాంటి మందు లిపోడాక్స్‌ను తెప్పించుకున్నారు. ఈ పని మన దేశంలో గట్టిగా జరుగుతోందని చెప్పడానికే ఈ మాట.

నేనైతే ఎంఫార్మ్ ఫార్మాస్యూటిక్స్ చేయమంటాను. ఎంఫార్మ్ ప్రవేశ పరీక్ష జీప్యాట్‌లో అర్హత తెచ్చుకుని చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్. అక్కడితో ఆపినా కంపెనీల ఫార్ములేషన్ విభాగాల్లో చోటుంటుంది. పీహెచ్‌డీకి కొనసాగాలంటే సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో లైఫ్ సైన్సెస్ రాసి, పరిశోధన చేసేవాళ్లకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ సాధించాలి. 2023 జనవరి నుంచి అది నెలకు 37,000, ఇంటద్దె భత్యం వేరే. ధనవంతుల జీతం కాదు గానీ మీ మీద భారం పడదు. పెళ్లి మాట మీరూ అమ్మాయీ తేల్చుకోవాల్సింది. పీహెచ్‌డీ మధ్యలో పెళ్లి చేసుకున్నవాళ్లు బోలెడుమంది.

అంతకంటే ముందు ఒక పని. ఎనిమిదో సెమిస్టర్ ప్రాజెక్టును కాలేజీ అనుమతిస్తే బయటి ల్యాబ్‌లో చేయించండి. ఐఐఎస్‌సీ, జీకేవీకే ఆవరణలోని ఎన్‌సీబీఎస్, ఇన్‌స్టెమ్, జక్కూరులోని జేఎన్‌సీఏఎస్‌ఆర్ లాంటి పరిశోధన సంస్థలన్నీ మీ బెంగళూరులోనే ఉన్నాయి. ఒకే మెయిల్ అందరికీ పంపితే ఎవరూ చదవరు. ఆ ప్రొఫెసర్ రాసిన ఒక పేపర్ చదివి, అందులో అర్థం కానిదేమిటో రెండు వాక్యాల్లో అడగమనండి. చేరాక నెలకోసారి, ఏ ప్రయోగం చెడిపోయింది, మళ్లీ ఎలా చేశావు అని మీరే అడగండి. విసుక్కుంటూ చెప్తే ఎంఫార్మ్ తర్వాత ఉద్యోగం చూసుకోవచ్చు. భోజనం చల్లారినా పట్టించుకోకుండా చెప్తుంటే పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టించండి.